తూము వైపు గడకర్రల చప్పుడు

ఒట్టు. ఇందులో ఒక్క మాట కూడా నేను కలపడం లేదు. నా చెవులతో విన్నాను.

నర్సింహులపేట దగ్గర మా ఊరి చెరువు. నెలనెలా ఆ నీళ్లను పరీక్షిస్తాను. జీతం లేదు, ఇష్టం అంతే. వేడి, మడ్డి, ఆక్సిజన్... ఈ మూడూ చూస్తాను. ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామున. అందుకే ఆ వేళకే వెళ్లాలి. ఆ రోజు వెళ్లేసరికి మూడు రోజులుగా ముసురు. ఎండ లేదు. గాలి లేదు. అలాంటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది.

తోడుగా యాకన్న వచ్చాడు. చెరువులో చేపపిల్లలు పోసింది ఆయనా, ఆయన మత్స్యకారుల సంఘం వాళ్లే. వాళ్ల ఏడాది బతుకంతా ఆ నీళ్లలోనే ఉంది.

మోకాలి లోతులో నిలబడి మీటరు తీగ వదిలాను. ఆక్సిజన్ అంకె రెండు కన్నా తక్కువ. చేపలకు కనీసం మూడైనా కావాలి. టార్చి వేస్తే... నీటి మీదంతా నోళ్లు. గుటక... గుటక... గాలి మింగుతున్నాయి.

"ఏమంటున్నది తమ్మీ నీ డబ్బా?"

"తెల్లారెసరికి అన్ని చచ్చి తేలుతయే అన్నా. నీళ్లు తోడి మళ్ల చెరువులనే చిమ్మాలె. గప్పుడే గాలి కలుస్తది."

"ఇంజన్ తెస్త. నువ్వు గిక్కడనే ఉండు. భయమైతే మీటర్‌తోని ముచ్చట పెట్టు."

నవ్వుతూనే అన్నాడు. పరుగున కట్ట ఎక్కాడు. ఆయన బండి చప్పుడు దూరమైంది.

అప్పుడు... తూము వైపు నుంచి...

చప్. చప్. చప్.

తెప్ప నడిపే గడకర్రలతో నీటిని కొడుతున్న చప్పుడు. ముగ్గురో, నలుగురో. ఒకరి తర్వాత ఒకరు, వరస తప్పకుండా. నీళ్లలో గాలి కలపడానికి సంఘం వాళ్లు వచ్చారనుకున్నాను. ప్రాణం లేచొచ్చింది.

"ఎవలది?"

ఆగింది. టార్చి వేశాను. మనిషి లేడు. తెప్ప లేదు. అలలు మాత్రం... ఒకదాని వెనక ఒకటి... వచ్చి నా మోకాళ్లకు తగిలాయి. చల్లగా.

టార్చి ఆర్పేశాను. ఎందుకో తెలియదు.

చప్... చప్... మళ్లీ మొదలైంది.

పరుగెత్తాలనిపించింది. తీగ నీళ్లలోనే ఉంది. మీటరు చూశాను. అంకె కదిలింది. రెండు... రెండు దాటింది... ఇంకాస్త. కదలకుండా అలాగే నిలబడ్డాను.

యాకన్న ఇంజన్‌తో వచ్చేసరికి అంతా నిశ్శబ్దం.

"ఎవలనన్న పంపినవా అన్నా?"

"ఎవల్ని పంపుత? అందరు పండుకున్నరు."

విన్నదంతా చెప్పాను. తూము వైపు ఒకసారి చూశాడు.

"మొదలు ఇంజన్ పట్టు తమ్మీ. భయం పొద్దుగాల పడుదాం."

పైపులోంచి నీళ్లు తెల్లగా ఎగిరిపడ్డాయి. తెల్లవారాక కట్ట పొడుగునా నడిచి చూశాం. కొన్ని చిన్న చేపలు తేలాయి. మిగతావన్నీ హాయిగా లోపలికి దిగిపోయాయి. యాకన్న కట్ట మీదే కూలబడి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

గాలేమో అనుకుందామంటే... ఒక్క తుంగపోచ కూడా ఊగలేదు. పెద్ద చేపలు ఎగిరాయంటే... అంత వరసగా ఎగురుతాయా? మీటరును ఇంకో కిట్‌తో సరిచూశాను. బాగానే ఉంది. మరి అదేమిటో... ఇప్పటికీ తెలియదు.

మరుసటి నెల వెళ్తే తూము గోడకు నాలుగు కొత్త గడకర్రలు ఆనించి ఉన్నాయి.

"ఇవెందుకే అన్నా?"

యాకన్న నా వైపు చూడలేదు.

"ఉండనియ్ తమ్మీ. ఎవలకన్న పనికొస్తయ్."