రైలు పెట్టెలో కిటికీ లేని చోటు

మొన్న మంగళవారం వంటింట్లో ఉండగా కాలిఫోర్నియా నుంచి అంకుల్ కూతురు ఫోన్ చేసింది. "డాడీ ఇవాళ పొద్దున పోయాడు. నిద్రలోనే. ఫస్ట్ నీకే చెప్తున్నా," అంది. అమెరికాలోనే పుట్టి పెరిగిన మనిషి, ఏడుపు మాత్రం అచ్చం మన ఏడుపే. ఫోన్ పెట్టేశాక స్టవ్ కట్టేసి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

ఆయన నాకు చుట్టం కాదు. చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో మా గోడకు ఆనుకున్న ఇల్లు ఆయనది. మేం వచ్చేనాటికే భార్య పోయి ఒక్కరే ఉండేవారు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. మా ఆయన సోమవారం తెల్లారకముందే క్లయింట్ ఉన్న ఊరికి ఎగిరిపోతే మళ్ళీ ఇంటికొచ్చేది గురువారమే. ఇంజినీరింగ్ చదివిన దాన్ని, ఉత్తరాల వ్యాన్ ఎప్పుడొస్తుందా అని కిటికీ దగ్గర కాపు కాసేదాన్ని. ఆ ఏళ్ళలో నాకు పిచ్చెక్కలేదంటే కారణం అంకులే.

ఆయన రైలు పెట్టెల లోపలి భాగం డిజైన్ చేసేవారు. సీట్లు, సామాను అరలు, పట్టుకునే కమ్మీలు. ఇక్కడి కంపెనీ ఆయన్ని ఆరేళ్ళు జపాన్‌లో ఉంచిందట. అక్కడి రైళ్ళ కబుర్లు మొదలెడితే టీ చల్లారిపోవాల్సిందే. చివరి స్టేషన్ రాగానే సీట్లన్నిటినీ రైలు మళ్ళీ వెళ్ళే వైపుకి తిప్పేస్తారని, ఎవరూ వెనక్కి కూర్చుని ప్రయాణం చేయకూడదన్నది వాళ్ళ పట్టుదల అని చెప్పేవారు. కిటికీ అంచు అక్కడ అమ్మే టీ సీసా నిలబడేంత వెడల్పుంటుందని మా డైనింగ్ టేబుల్ మీద వేళ్ళతో కొలిచి చూపించేవారు.

"కొత్త పెట్టె గీస్తే ముందు ప్లైవుడ్‌తో అసలు సైజులో కడతారమ్మా. గీసినవాడు అందులో రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. నడుం నొప్పి పుడితే మళ్ళీ గీయాలి."

"మీకెన్నిసార్లు పుట్టింది అంకుల్?"

"నాకేం పుట్టలేదు. మా ఆవిడకి పుట్టింది. ఇంట్లో సోఫా కూడా నేనే డిజైన్ చేశాను మరి!"

నిరుడు చలికాలంలో స్ట్రోక్ వచ్చి ఆయన ఎడమ పక్క పడిపోయింది. మెడ తిరగడం కూడా కష్టమైంది. కూతురు వచ్చి మైలున్నర దూరంలో ఉన్న కేర్ హోమ్‌లో చేర్చింది. అక్కడ ఆయన నన్ను కోరింది ఒక్కటే. "ఒక్కసారి రైలెక్కించమ్మా. నేను గీసిన పెట్టెలు చికాగో లైన్‌లో ఇంకా తిరుగుతున్నాయి."

"తప్పకుండ తీస్కపోత అంకుల్," అని మాటిచ్చాను. సరిగ్గా అప్పుడే నా డ్రైవింగ్ లైసెన్స్ గడువు తీరింది. వీసా పొడిగించిన కాగితాలు చూపిస్తే తప్ప కొత్తది ఇవ్వరు. ఆ కాగితాలు రాలేదు. ఇది రాసేనాటికీ రాలేదు. శనివారం మా ఆయన తీసుకెళ్తానంటే, "పాపం, వారమంతా తిరిగొస్తాడు, నిద్రపోనీ," అని అంకులే ఒప్పుకోలేదు. కాలిబాట లేని రోడ్డు పక్కన గడ్డిలో నడిచి ఆయన్ని చూడ్డానికి వెళ్ళేదాన్ని.

"వచ్చాయా?" అనేవారు.

"రాలే అంకుల్."

ఇద్దరం కాసేపు టీవీ కేసి చూస్తూ కూర్చునేవాళ్ళం. ఆయన్ని ఒళ్ళు కట్టేసింది, నన్ను ఒక కాగితం కట్టేసింది. నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు నర్స్ ఈ గోడంతా విని, "వీల్‌చెయిర్ ఎక్కించుకునే టాక్సీలున్నాయి కదా, పిలవకపోయారా?" అని అడిగింది. సొంత కారు తప్ప ఇంకో దారి ఉంటుందని మా ఇద్దరు ఇంజినీర్ల బుర్రలకు తట్టనే లేదు! అంకుల్ దగ్గొచ్చేదాకా నవ్వారు. నాకు మాత్రం నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ బుధవారమే వెళ్ళాం. కండక్టర్ లిఫ్ట్ మీద ఆయన్ని పైకెక్కించి, వీల్‌చెయిర్‌కి కేటాయించిన చోట కుర్చీని బిగించాడు. రైలు కదిలాక చూశాను. ఆయన ముందు ఒట్టి గోడ ఉంది. కిటికీలు అటొకటి, ఇటొకటి, ఆయన చూపుకి అందని చోట ఉన్నాయి. కుర్చీ తిప్పబోతే కండక్టర్ కుదరదన్నాడు.

"ఈడ కిటికీ ఎందుకు పెట్టలేదంకుల్?"

"ఇది నేనే గీశానమ్మా. వీల్‌చెయిర్‌కి చోటు చూపించమన్నారు. డెడ్‌లైన్ దగ్గరపడింది. గోడ ఖాళీగా ఉంది కదా అని అక్కడ పెట్టేశాను. ఇందులో మాత్రం కూర్చుని చూడలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆయనకి రాలేదు. "సరే, బయటేముందో చెప్పు," అన్నారు.

చెప్పాను. ఇళ్ళ పెరళ్ళు, పిల్లల ఉయ్యాలలు, ఎండిన మొక్కజొన్న కంకులు వేలాడదీసిన ఒక వరండా, ప్లాట్‌ఫారం మీద గొడుగు మరిచిపోయి వెనక్కి పరిగెత్తిన ఒకావిడ. చెప్తూ చెప్తూ ఉండగా తట్టింది, నేనూ ఊరు దాటి నాలుగు నెలలైందని. గొంతు పెంచి ఇంకా చెప్పాను.

చికాగో దగ్గరపడుతుండగా ఆయన కుడిచెయ్యి పైకెత్తారు. చూపుడువేలితో ఆ గోడ మీద ఒక అడ్డగీత, ఒక నిలువుగీత, మళ్ళీ అడ్డగీత గీసి నాలుగు మూలలూ కలిపారు. తల కాస్త వెనక్కి వాల్చి చూసుకున్నారు. నచ్చలేదు. లేని ఆ గీతల్ని అరచేత్తో శుభ్రంగా తుడిచేసి, రెండంగుళాలు కిందికి దించి మళ్ళీ గీయడం మొదలెట్టారు.