గట్టు మీద కలగూరాకు

ఒక జాతి మొత్తం వారం రోజుల్లో తుడిచిపెట్టుకుపోయిన కథ చెప్పబోతున్నాను. గుండె చిక్కబట్టుకోండి. సరే, వదిలేయండి, అంత అక్కర్లేదు. జాతి అంటే ఆకుకూర. కారకుణ్ణి నేను.

ఐరాల దగ్గర మా చేని గట్టు మీద, వాన పడితే చెంచలాకు, గురుగాకు, గలిజేరు వాటంతటవే మొలుస్తాయి. ఎవరూ వెయ్యరు. మా అవ్వ అన్నిటినీ కలిపి ఒడిలోకి గిల్లుకొచ్చి, పప్పుతో ఉడికించి, మెత్తగా ఎనిపి సంగట్లోకి పెడుతుంది. అదే కలగూర. అవ్వకు పళ్లు లేవు. వాన రోజుల్లో ఆమె తృప్తిగా తినే కూర అదొక్కటే.

నేను ఆన్‌లైన్‌లో పర్మాకల్చర్ నేర్చుకున్నవాణ్ణి. అంటే ప్రకృతి ఎలాగూ చేసే పనికి మనం పేరు పెట్టడం. తినదగిన మొక్కల మీద వీడియోలు పెడుతుంటాను. చూసేవాళ్లలో సగం మంది బంధువులే. గట్టు మీది ఆకుల వీడియోకు మాత్రం ఎందుకో గిరాకీ వచ్చి, చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. అందులో నేను ఒక్కో మొక్కనూ వేర్లతో సహా పెరికి, మట్టి దులిపి, శాస్త్రవేత్తలా తిప్పి చూపించాను. వెనకాల మా బోరు షెడ్డు చక్కగా కనబడుతోంది, చోటెక్కడో ఎవరూ అడగనక్కర్లేదు.

వారం తర్వాత అవ్వ ఖాళీ ఒడితో తిరిగొచ్చింది.

"రేయ్, గట్టు మీద ఆకు యాడికి పోయిందిరా?"

"మేకలు మేసినాయేమో అవ్వా."

"మేక కొసలు కొరుకుతాది. వేర్లతో పీకేంత సదువు దానికి యాడుండాది?"

అప్పుడే పక్క చేని పెద్దమ్మ గడ్డి మోపుతో అటుగా వచ్చింది.

"ఊరోళ్లమంతా పీకినామత్తా. నీ మనవడు సెల్లులో సూపించినాడు గదా, అట్ల పీకేదే పద్ధతి అనుకుంటిమి. కూర బాగుండాది. మా ఇంటాయన రెండుసార్లు పెట్టించుకున్యాడు."

జ్ఞానం పంచితే తరగదంటారు. ఆకు తరుగుతుంది.

అవ్వ తిట్టలేదు. ఆ మధ్యాహ్నం సంగటిని మజ్జిగలో పిసుక్కొని తాగింది. తిట్టినా బాగుండేది. చెయ్యి కడుక్కుంటూ మాత్రం అంది:

"కొసలు గిల్లితే వారానికి మళ్లా ఇగురు పెడతాది. మూలకు రెండు సెట్లు ఇత్తనానికి ఇడిసిపెట్టాల. ఇది సెప్పకుండా ఇంకేం సెప్పినావురా నువ్వు?"

నిజమే, అది తప్ప అన్నీ చెప్పాను. పాత వీడియో తీసేశాను. షెడ్డు వెనక మిగిలిన ఒకే ఒక్క చెంచలాకు మొక్క దగ్గర అవ్వను కూర్చోబెట్టి, ఆమె గిల్లే తీరును కొత్త వీడియోగా తీసి పెట్టాను. ముఖం చూపించనివ్వలేదు, వేళ్లు మాత్రమే. పాతదాన్ని చూసినవాళ్లలో పదోవంతు కూడా దీన్ని చూడలేదు. పెద్దమ్మ చూసింది. ఊరికి అది చాలు.

రెండు వానలకు నేలలో దాగిన గింజలు మొలిచాయి. ఈసారి వచ్చినవాళ్లు కొసలే గిల్లుకుపోయారు. అవ్వ ఒడి నింపుకొచ్చింది. ప్రాయశ్చిత్తంగా ఆకు కడిగింది, ఉడికించింది, ఎనిపింది అన్నీ నేనే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని అవ్వ దవడ కదపడం ఆపింది. కళ్లు కూడా చెమర్చినట్టే అనిపించాయి.

ఇసుక. కలగూరాకును మూడు నీళ్లలో కడగాలి.