తెల్ల కుక్కపిల్ల కూర్చున్న బండి

కుక్కకు తిట్లు తెలుగులో, ఆజ్ఞలు ఇంగ్లీషులో. ఏ ఊరికి పోయినా ఇదే పద్ధతి. దేవపాలుకు ఆ ఇంగ్లీషు జమ్మలమడుగు మిషన్ బంగళాలో అబ్బింది. వయసులో ఉన్నప్పుడు అక్కడ దొరసాని కుక్కలను చూసుకునేవాడు. కర్ర పట్టకుండా, గొంతు పెంచకుండా, ఉడికించిన కార్జం ముక్కతో కుక్కను చెప్పినట్టు వినేలా చేయడం ఆమె నేర్పింది. దొరసాని ఓడెక్కి పోయింది, విద్య మిగిలింది. అరవయ్యో ఏట ఆ విద్యే అతన్ని ప్రొద్దుటూరులో నారపరెడ్డి ఇంటికి తెచ్చింది.

నారపరెడ్డి ఒక వర్గానికి పెద్ద. ఎన్నికలకు కండువా మారుతుంది గానీ కక్ష మారదు, అది తాతలిచ్చిన ఆస్తి. ఆయన పిలిస్తే రానన్నవాడు ఊళ్ళో లేడు. ఒకడు అన్నాడట. వాడెక్కడున్నాడో వాడి పెళ్ళాంబిడ్డలకే తెలియదు.

"దేవపాలూ, ఇది నేను చెప్పిన తావున కూచోవల్ల. పిడుగు పడినా కదలకూడదు" అన్నాడు రెడ్డి, ఒళ్ళోని పామరేనియన్ పిల్లను దించుతూ. మూడు నెలల పిల్ల, దూదిపింజ. పేరు స్వీటీ. రెడ్డి ఎక్కడికి పోయినా అది ఆయన ఒళ్ళోనే ఉంటుందని జిల్లా అంతటికీ తెలుసు.

ముక్కు మీదుగా కార్జం ముక్క వెనక్కి జరిపితే పిల్ల తల ఎత్తింది, వెనక భాగం దానంతటదే నేలకానింది. "సిట్." రెండో పూటకే వచ్చేసింది. అరచేయి చూపించి "స్టే" అనడం, ఒక అడుగు వెనక్కి వేయడం, ఆగితే ముక్క. తర్వాత రెండడుగులు, పది అడుగులు. "కమ్" అంటేనే లేవాలి. రెడ్డి మనుషులు పక్కన టపాకాయలు కాల్చారు.

"దాని చెవులు పగుల్తాయప్పా! దూరంగా కాల్చండి" అని దేవపాలు బతిమాలాడు.

"రేపు కాల్చేటోళ్ళు దూరంగా కాలుస్తారా మామా?" అని నవ్వాడు డ్రైవర్ కరీముల్లా.

నెలకు పిల్ల చెవి కూడా కదపడం మానేసింది. అప్పుడు రెడ్డి అసలు సంగతి చెప్పాడు. పులివెందుల కోర్టులో వాయిదా ఉంది. దారిలో ఎదుటి వర్గం వాళ్ళు కాపు కాశారని కబురు. కుక్క ఏ సుమోలో కనిపిస్తే రెడ్డి అందులో ఉన్నట్టు.

"కిటికీ కాడ అది కూచోవల్ల. నేను ఆ బండిలో ఉండను."

"మరి దాని పక్కన ఎవరుంటారయ్యా?"

"అది ఎవురి మాట వింటాదో వాడే."

బాగా నేర్పితే తొందరగా ఇంటికి పంపిస్తారనుకున్నాడు దేవపాలు. ఇప్పుడు ఆ నేర్పింది చెరపడానికి పూనుకున్నాడు. చాటుగా, లేచినప్పుడల్లా కార్జం పెట్టాడు. దొరికింది మూడు రోజులే. నాలుగోనాడు రెడ్డి ముందు "స్టే" అంటే స్వీటీ బొమ్మలా కూర్చుంది, అతని కళ్ళలోకి చూస్తూ.

"శభాష్" అని రెడ్డి తల నిమిరాడు. కుక్క తల కాదు, దేవపాలు తల. తన ఇస్త్రీ తెల్లచొక్కా ఒకటి అతనికి తొడిగించాడు.

వాయిదా రోజు రెండు సుమోలు బయలుదేరాయి. రెడ్డి మనుషులున్నది ముందు పోయింది. ముద్దనూరు దాటిన మలుపులో రెండింటి నడుమకు ట్రాక్టరు అడ్డం వచ్చింది.

"మామా, దూకు!" అంటూ కరీముల్లా మాయమయ్యాడు.

దేవపాలు తలుపు తీశాడు. స్వీటీ వెంట రాబోయింది. అతను అరచేయి ఎత్తాడు.

"స్టే."

కూర్చుంది. కిటికీలో తెల్లగా, దూరానికి కూడా కనిపించేటట్టు.

పక్క శనగచేలో బోర్లా పడి చూశాడు. పిల్ల తల ఇటే తిప్పి ఉంది. "కమ్" అంటే ఒక్క గెంతున వచ్చేది. దాని వెనకే వాళ్ళూ వచ్చేవాళ్ళు. నోరు నల్లమట్టికి అదుముకున్నాడు. మొదటి బాంబు రోడ్డు మీద పేలింది. పిల్ల కదల్లేదు. రెండోది బండిలో పడింది.

నారపరెడ్డి ఆ తెల్లవారుజామునే మొదటి ఎర్రబస్సులో దుప్పటి కప్పుకొని పోయి, కోర్టులో సంతకం పెట్టి వచ్చేశాడు.

"కుక్క శానా మంచిదిరా" అన్నాడు సాయంత్రం. "వచ్చే వాయిదాకు ఇంకోటి తెప్పిస్తాండా."

వారానికి ఇంకో తెల్లపిల్ల వచ్చింది. దేవపాలు దాన్ని ముట్టుకోలేదు. చర్చిలో గంట కొట్టే తిమోతికి ముగ్గురు బిడ్డలు, పని లేదు. వాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

"ముక్క నువ్వే పెట్టప్పా. స్టే అని నువ్వే అను. నా గొంతు పోయింది."

తిమోతి చేయి ఎత్తాడు. పిల్ల కూర్చుంది.

"వింటాంది మామా! నా మాట వింటాంది!"

"వింటాదిలే" అన్నాడు దేవపాలు, మిగిలిన కార్జం గిన్నె వాడివైపు జరుపుతూ. "కొంచెం దూరం పోయి అను."