మిర్చి గోదాములో కూర్చున్న జాగిలం

పేపర్లో తప్పు రాశారు. పోలీసు జాగిలం గోళ్లతో బస్తాలు పెరికి నన్ను బయటికి లాగిందన్నారు. అది ఒక్క బస్తాను కూడా తాకలేదు. కూర్చుంది, అంతే. ఆ కూర్చోవడం ఎంత పనో చెప్పాలంటే, ముందు నేను ఎక్కడ ఇరుక్కున్నానో చెప్పాలి.

ఎనుమాముల మార్కెట్లో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణానికి చాలా ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. సరుకు గోదాముకు చేరాక బస్తాలు నేనే ఎంచుతాను. హమాలీల మేస్త్రి చెప్పిన లెక్కా, నేను ఎంచిన లెక్కా ఒకటైతేనే సంతకం పెడతాను. అందుకు వాళ్లకు నవ్వు. "అక్క లెక్కవెట్టకపోతే మిర్చి ఎర్రగ గూడ ఉండదు" అనేవాడు మేస్త్రి.

ఆ వేసవిలో మిర్చి బాగా వచ్చింది. గోదాములో బస్తాల దొంతరలు రేకుల దాకా లేచాయి. గోడకూ చివరి దొంతరకూ మధ్య గాలి ఆడటానికి చిన్న సందు వదులుతారు. వెనక వరుస ఎంచాలంటే ఆ సందులో పక్కవాటుగా నడవాలి. మేస్త్రి, హమాలీలు అన్నానికి పోయారు. నేను ఎవరికీ చెప్పకుండా సందులోకి వెళ్లాను. సగం దూరం పోయానో లేదో, దొంతర కదిలింది. బస్తా మీద బస్తా పడుతున్న మెత్తటి చప్పుడు, ఆ వెంటనే చీకటి.

బస్తాలు గోడకు ఆనుకొని ఆగిపోవడంతో నా మీద ఒక గూడులా మిగిలింది. కూర్చోగలను, కాళ్లు చాపలేను. ఎడమ చెయ్యి మోచేతి దాకా బస్తాల కింద ఉంది. కొన్ని పిగిలి మిర్చి ఒళ్లో పోసినట్టు పడింది. అరుద్దామని నోరు తెరిస్తే ఘాటు గొంతు పట్టుకుంది. దగ్గితే ఇంకాస్త ఘాటు లోపలికి పోయింది. కొంగు ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకుని, ఇక అరవకూడదని నిశ్చయించుకున్నాను.

హమాలీలు తిరిగి వచ్చారు. వాళ్ల మాటలు నాకు వినబడుతున్నాయి, నా మూలుగు వాళ్లకు వినబడటం లేదు. నేను లోపల ఉన్నానా, ఇంటికి పోయానా అని వాదించుకున్నారు. నా అన్నం డబ్బా మూత కూడా తీయలేదని యార్డు ఊడ్చే ఆమె చెప్పాక గాని లోపల ఉన్నానని నమ్మలేదు. నమ్మగానే కంగారులో దొరికిన బస్తా దొరికినట్టు లాగారు. ఒకటి లాగితే పైనుంచి మరొకటి జారి నా గూడు కుంగింది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఎవరో ఆపమని గట్టిగా చెప్పారు.

కూలింది గోడ పొడవునా కూలింది. నేను ఏ చోట ఉన్నానో తెలియకుండా లాగితే మిగిలింది నా మీద పడుతుంది. ఫైర్ స్టేషన్ వాళ్లు వచ్చి ఆ మాటే అన్నారు. తర్వాత పోలీసులు జాగిలాన్ని తెచ్చారు.

ఇక్కడి నుంచి కొంత నేను విన్నది, కొంత తర్వాత నాకు చెప్పింది. జాగిలాన్ని నడిపించే కానిస్టేబుల్ వర్ధన్నపేట వైపు పిల్లవాడు. నేను వాడిన బట్ట ఏదైనా ఇవ్వమన్నాడు. దుకాణంలో నేను కూర్చునే మెత్త తెచ్చి ఇచ్చారు. అతడు దాన్ని ముందు తానే వాసన చూసి పక్కన పెట్టాడట. "ఇది అమ్మ వాసన కాదన్నా, యార్డు వాసన. దీన్ని చూపిస్తె ప్రతి బస్తా కాడ ఆగుతది. ఇంట్ల వాడిన గుడ్డ తెండి" అన్నాడట. మిర్చిలోనే బతికే మావాళ్లకు మిర్చి వాసన తెలియదు. అది వాళ్లకు గాలి. ఒక హమాలీ బండి మీద మా ఇంటికి పోయి నా దిండు గలీబు తెచ్చాడు.

ఆ మధ్య కాలమే నాకు అన్నిటికంటే కష్టమైంది. భయం పట్టుకోకుండా మనసులో ఎక్కాలు చదువుకున్నాను. పంతొమ్మిదో ఎక్కంలో తప్పాను. మొదటి నుంచి మొదలుపెట్టి అక్కడే మళ్లీ తప్పాను. చీకటికి భయపడలేదు గాని, అప్పుడు భయపడ్డాను. బడిలో కూడా నేను ఎక్కం తప్పలేదు.

అంతలో తుమ్ము వినబడింది. మనిషి తుమ్ము కాదు. కాసేపటికి మరొకటి, ఇంకొంచెం దగ్గరగా. మధ్యలో కానిస్టేబుల్ తడిగుడ్డతో దాని ముక్కు తుడుస్తూ, చిన్న గొంతుతో బుజ్జగిస్తున్నాడు. రెండుసార్లు బయటికి తీసుకుపోయి నీళ్లు తాపాడు. రెండుసార్లూ అది తాడు లాక్కుంటూ లోపలికే వచ్చిందట. తుమ్ములు నా ఎదురుగా వచ్చి ఆగిపోయాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు.

మేస్త్రి గొంతు గుర్తుపట్టాను. "కూలబడ్డది సార్. ఘాటుకు ఆగలేకపోయింది. బయటికి తీస్కపోండి, సస్తది."

"కూలబడలే. దొరికితె గిట్లనే కూసుంటది. కండ్లు మండుతున్నా లేస్తలేదంటె మనిషి ఈడనే ఉన్నది" అన్నాడు కానిస్టేబుల్.

కూలింది ఎక్కువగా ఆ చివరన గదా, అక్కడ మొదలుపెడదామని ఫైర్ ఆఫీసరు అన్నాడు. కుక్క మాట తప్పైతే ఎవరు చెప్పుకోవాలని అడిగాడు.

"నేను చెప్పుకుంట సార్. ఈడ పైనుంచి ఒక్కొక్కటి దించుండ్రి."

దించారు. అంతసేపూ అది లేవలేదు, అతడూ దాని పక్కనుంచి కదల్లేదు. సందులోంచి వెలుతురు పడ్డాక నాకు మొదట కనబడింది దాని ముఖం. కళ్లు వాచి, ముక్కు కారుతూ, నన్నే చూస్తూ కూర్చుని ఉంది. నా చెయ్యి బయటికి కనబడ్డాకే అతడు జేబులోంచి బంతి తీసి దానికి ఇచ్చాడు.

విరిగిన నా మోచెయ్యి అతుక్కున్నాక, యార్డు వాళ్లు జాగిలానికి సన్మానం చేద్దామని శాలువా, బంతిపూల దండ కొన్నారు. దానికి మళ్లీ ఘాటు తగలకూడదని నేను తలంటి పోసుకుని, యార్డుకు ఎప్పుడూ కట్టని చీర కట్టుకుని పోలీసు జాగిలాల మైదానానికి వెళ్లాను. కానిస్టేబుల్ దండను మర్యాదగా అందుకుని దూరంగా కుర్చీ మీద పెట్టాడు. శాలువా తానే కప్పుకున్నాడు. అందరూ ఫొటోలు దిగి పోయాక, నేను జాగిలం ఎట్లా ఉందని అడిగాను.

ఘాటుకు ముక్కు లోపల పుండైందట. మందులు వేశారు, మానింది. కానీ పరీక్షల్లో ఒక్కోసారి తప్పుతోందట. పనికి రాదని తేలితే దాన్ని తన దగ్గర నుంచి తీసుకుపోతారట.

"దానికి నీ వాసన ఎరికే. జర సాయం జేస్తవా అమ్మా?"

మైదానం వెనక ఖాళీ గదుల వరుస ఉంది. ఒకదాంట్లో నేను కూర్చోవాలి, తలుపు వేస్తారు. ఏ గదిలో ఉన్నానో అది వాసనతో కనిపెట్టాలి. లోపల కిటికీ లేదు. గోదాము తర్వాత నేను ఇంట్లో స్నానాల గది తలుపు కూడా వేసుకోవడం లేదని అతడికి చెప్పలేదు. ముఖం చూసి కనిపెట్టాడేమో. "బుగులైతె తలుపు కొట్టు. ఏం గాదు" అన్నాడు.

తలుపు పడగానే గొంతులో మళ్లీ ఆ ఘాటు. అక్కడ ఒక్క మిరపకాయ లేదు. కొడితే తీస్తారు. కానీ చప్పుడు విని వచ్చిందంటే అది పరీక్ష కాదు. కుడి చేతిని ఎడమ చంకలో ఇరికించి పట్టుకున్నాను. పంతొమ్మిదో ఎక్కం మొదలుపెట్టాను. దూరంగా గోళ్ల చప్పుడు. పక్క గది ముందు ఆగింది. దాటింది. నా తలుపు సందు దగ్గర ఊపిరి పీల్చింది, తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఏమిటో నాకు తెలుసు.

అతడు తలుపు తీశాడు. అది గడప ముందు కూర్చుని ఉంది. అతడి కళ్లలో నీళ్లు. ఇంక చాలమ్మా, లేవమన్నాడు.

నేను లేచి గోడ పట్టుకుని నిలబడ్డాను.

"ఒక్కపారి చూసింది లెక్క గాదు బిడ్డా. దాన్ని అటు తీస్కపో. నేను ఇంకో గదిల కూసుంట."