పరాచికానికి రెండు వైపులు

2022 వానాకాలం. విజయనగరం కోర్టుకి దగ్గర్లో, జిరాక్సు షాపు మేడమీద నా ఆఫీసు. నేను లేబర్ కేసులు చూసే లాయర్ని, అంటే ఉద్యోగికీ యాజమాన్యానికీ వచ్చే తగువులు నా పని. పైడిరాజు (పేరు మార్చాను) రాజాం వైపు ఒక జూట్ మిల్లులో మగ్గాల మెకానిక్కు. కుర్చీ అంచున కూర్చుని, ఫ్యాను కేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"మేడమ్, నాకు ఆడోళ్ల మీదకి మనసు పోదండి. ఒక మగోడంటేనే ఇష్టం. ఇది కేసవుతాదేటండి?"

"కాదు నాయనా. అది నేరం కాదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పేసింది. ఆ భయం ఇక్కడే వదిలెయ్. అసలు సంగతి చెప్పు."

తను ఇష్టపడే మనిషితో దిగిన ఫొటో ఒకటి సూపర్‌వైజరు అతని ఫోన్లో చూశాడట. మిల్లంతా చాటేశాడు. మా వైపు మగవాళ్లు వరసున్నా లేకపోయినా బావా అనుకుంటారు, బావల మధ్య పరాచికాలకి అడ్డేముంది?

"ఇప్పుడు నన్ను సూసి 'ఒసే వదినా' అంటన్నారండి. నాను కేరేజీ ఇప్పితే నాతో పనిసేసే అప్పన్న లేసిపోతన్నాడు. ఇన్నేళ్లూ నా కూరే తిన్నోడండి ఆడు! రాజీనామా రాసీమంటన్నాడు సూపర్‌వైజరు. రాయకపోతే ఇంటికొచ్చి మా అమ్మకి సెప్పేస్తాడంట."

నాకు ఒళ్లు మండిపోయింది. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. "సంతకం పెట్టావా?"

"లేదండి."

"బతికించావు! చచ్చినా పెట్టకు."

ఉన్న దారులన్నీ చెప్పాను. పని చోట లైంగిక వేధింపుల చట్టం ఆడవాళ్ల ఫిర్యాదులకే, అది ఇతనికి పనికిరాదు. ప్రైవేటు మిల్లులో ఇలాంటి వివక్షకని విడిగా చట్టం లేదు. అలాగని చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. పరువు తీస్తానని బెదిరించి రాజీనామా రాయించుకోవడం నేరమే, పోలీసు ఫిర్యాదు ఇవ్వొచ్చు. పనిలోంచి తీసేస్తే లేబర్ ఆఫీసరు దగ్గరకి వెళ్లొచ్చు. వీటన్నిటికన్నా ముందు మిల్లులోనే గ్రీవెన్స్ కమిటీ ఉంది. అందులో కార్మికులు సగం, యాజమాన్యం వాళ్లు సగం ఉండి ఫిర్యాదులు వింటారు.

"నీకేం కావాలి?" అన్నాను.

"పేపర్లో పడకూడదండి. అమ్మకి ఎప్పుడు సెప్పాలో నాను సూసుకుంటాను. నాకు నా పని గావాల, అంతే."

కమిటీకే వెళ్దామనుకున్నాం. ఫిర్యాదులో బెదిరింపు సంగతి కూడా రాశాను. చిక్కేమిటంటే ఆ గదిలోకి లాయర్లని రానివ్వరు. అతనే మాట్లాడాలి. అందుకని అతనికి అలవాటు కావాలని ఆఫీసులో నేనే సూపర్‌వైజరునై కళ్లెర్రజేశాను. పైడిరాజు లేచి నిలబడి, "మీరలగంటే బాగోదండి" అన్నాడు. "ఓరి నాయనో, బతిమాలతావేంట్రా! ఎదురు చెప్పు" అని మళ్లీ మళ్లీ తిట్టాను. సాయంత్రానికి నా గొంతు పోయింది గానీ అతని గొంతు పెగిలింది.

కమిటీలో సూపర్‌వైజరు ముందు ఫొటో గురించే ఎత్తాడట. దానికి జవాబు చెప్పనని పైడిరాజు అన్నాడట. దాంతో ఆయన, "మేమందరం బావలమండి. పరాచికాలాడుకుంటాం. ఇందులో తప్పేటుంది?" అని నవ్వేశాడట.

ఆ మాటకి ఏం చెప్పాలో నేను నేర్పలేదు. పైడిరాజు తనంతట తనే అన్నాడు: "పరాచికమైతే నానూ తిరిగి అనాల కదండీ. నన్నొక్క మాటైనా అననిచ్చారేటి? అమ్మకి సెప్పేస్తాననడం ఏ బావ పరాచికమండి?"

కమిటీలో కార్మికుల తరఫున కూర్చున్న పెద్దాయన, "అవున్రా, అది పరాచికం కాదు" అన్నాడట. సూపర్‌వైజరుకి రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చి, ఆయన్నే వేరే సెక్షనుకి మార్చారు. రాజీనామా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్లకి పైడిరాజు ఫోన్ చేశాడు. గొంతులో నవ్వు ఆగడం లేదు.

"మేడమ్, ఇయ్యాల అప్పన్న వచ్చి నా కేరేజీలో సెయ్యెట్టాడండి! 'ఏటి బావా, కూరలో ఉప్పు లేదు' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"'ఉప్పు తింటే రోషమొస్తాది, నీకెందుకని ఏయలేదురా బావా' అన్నానండి. అందరూ ఒకటే నవ్వు. ఆడు మరీనండి."

నాకూ నవ్వాగలేదు, కళ్లలో నీళ్లూ ఆగలేదు. న్యాయమంటే తీర్పు కాగితమనుకునేదాన్ని. కూర దగ్గర బావని తిరిగి ఒక మాట అనగలగడం కూడా న్యాయమేనని పైడిరాజు నేర్పాడు.