నలభై ఐదో రోజు కోసిన గుమ్మడికాయలు

2018 అక్టోబరు 7న ఖతార్ ఉత్తర తీరంలో, అల్ రువైస్‌కు సమీపంలోని ఒక ప్రైవేటు వ్యవసాయ క్షేత్రానికి నన్ను ఉద్యాన పర్యవేక్షకుడిగా పంపారు. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. చల్లబరిచిన నెట్ హౌస్‌లో, అంటే వల కప్పిన షెడ్డులో, ఒక హైబ్రిడ్ గుమ్మడి రకాన్ని ప్రయోగాత్మకంగా పండించడం నా బాధ్యత. ముదురాకుపచ్చ తోలు, కేజీన్నర బరువు ఉండే చలిదేశపు కాయ అది.

నా కింద ఒకే ఒక పనివాడు, జగిత్యాల వైపు నుంచి వచ్చిన గంగారాం. తొమ్మిదేళ్లు భవన నిర్మాణంలో బరువులు మోసి నడుము చెడగొట్టుకున్న తరువాత అతనికి ఈ తోటపని దొరికింది. మేనేజర్ ఈజిప్టు దేశస్థుడు. ఆయన షరతు కాగితం మీదే ఉంది: కాయల్లో మూడింట రెండు వంతులు మొదటి శ్రేణివి కాకపోతే నెట్ హౌస్ మూసివేత, గంగారాం తిరిగి భవన నిర్మాణ కూలీల సైట్ క్యాంపుకు. ఆ కాగితం అతనికి చదివి వినిపించినది నేనే.

వల లోపలికి తేనెటీగలు రావు. కనుక ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపు మగపువ్వు రేకులు తీసి, పుప్పొడిని ఆడపువ్వుకు చేత్తో అద్దాలి. అద్దిన తేదీని చీటీ మీద రాసి తొడిమకు కట్టాలి. నేను రాస్తే గంగారాం కట్టేవాడు. "దుబాయ్ పోయి గుమ్మడికాయలకు పెండ్లిళ్లు చేస్తున్నవా అని మా ఇంటామె నవ్వుతది సారూ" అనేవాడు. వాళ్ల ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే. పగలు నాతో తెలుగు మాట్లాడే మనిషి అతనొక్కడే. సాయంత్రం అయిదుకు అతను కార్మికుల గదులకు వెళ్లిపోయేవాడు. స్టాఫ్ క్వార్టర్స్‌లో నా భాష తెలిసినవారు లేరు. డిసెంబరు 25న బస్సులో, దోహాలో చర్చిలన్నీ ఉండే అబూ హమూర్ వెళ్లి క్రిస్మస్ ప్రార్థనలో కూర్చున్నాను. రానూపోనూ మూడున్నర గంటలు. తిరిగి వచ్చి అన్నం, గుడ్డు వండుకున్నాను. ఆ రోజు రిజిస్టరులో కనిష్ఠ ఉష్ణోగ్రత 12 అని రాసి పడుకున్నాను.

విత్తన కంపెనీ కాగితం ప్రకారం పరాగం అద్దిన నలభై ఐదో రోజున కాయ కోయాలి. మొదటి విడతకు డిసెంబరు 2న అద్దాము. జనవరి 16తో గడువు నిండింది. గంగారాం ఒక కాయ మీద గోరు గుచ్చి చూపాడు.

"గోరు దిగుతున్నది సూడుండ్రి సారూ. తొడిమ పచ్చిగనే ఉన్నది. పదిహేను దినాలు ఆగుదాం."

"నలభై ఐదు నిండాయి గంగారాం. చీటీ కట్టింది నువ్వే కదా."

"చీటీకేం ఎరుక సారూ? పండేది కాయ గద!"

నేను కోయమన్నాను. ముప్ఫై నాలుగు కాయలు కోశాడు.

కోసిన గుమ్మడిని పది రోజులు వెచ్చని గదిలో ఆరబెడతారు. ఆ గడువులో తోలు గట్టిపడి, గుజ్జులోని పిండి తీపిగా మారుతుంది. పచ్చిదనం అక్కడ సర్దుకుంటుందని నా అంచనా. జనవరి 26న ఒక కాయ కోసి, పరీక్ష పద్ధతిలో ఉప్పు మాత్రమే వేసి ఆవిరి మీద ఇరవై నిమిషాలు ఉడికించాను. ముక్కల్లోంచి నీళ్లు కారి గిన్నె అడుగున చేరాయి. గంగారాం ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. "గుమ్మడికాయనా సారూ ఇది, సొరకాయనా?" అని నవ్వాడు. వెంటనే నా ముఖం చూసి, బెల్లం, నువ్వుల పొడి వేస్తే కూరకు పనికొస్తుందన్నాడు.

ఆ సాయంత్రం ఒంటరిగా రిజిస్టరు తిరగేశాను. కంపెనీ లెక్క సగటు 24 డిగ్రీల వెచ్చదనానికి ఇచ్చినది. మా నెట్ హౌస్‌లో జనవరి సగటు 17. చలిలో కాయ ముదరడానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఇది నేను చదువుకున్న విషయమే. రెండు అంకెలూ నా చేతిరాతలోనే, వేర్వేరు పేజీల్లో ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు.

కొన్ని రోజులు ఆలస్యంగా అద్దిన రెండో విడతలోని ఇరవై నాలుగు కాయలను గంగారాం మాట ప్రకారం తీగ మీదే ఉంచాము. తొడిమ ఎండి బెండులా మారిన తరువాత, ఫిబ్రవరి 9న కోశాము. పది రోజులు ఆరాక ఉడికిస్తే ఉడికిన చిలగడదుంపలా పొడిపొడిగా, తియ్యగా ఉన్నాయి. మేనేజర్ రెండు ముక్కలు తిని మెచ్చుకున్నాడు. తరువాత లెక్క చూశాడు: యాభై ఎనిమిదిలో ఇరవై నాలుగు.

ముందుగా కోయించినది నేనేనని, పనివాడు వద్దన్నాడని నివేదికలో తేదీతో సహా రాశాను, నోటితోనూ చెప్పాను. ఆయన గల్ఫ్‌లో నేర్చిన వచ్చీరాని హిందీలో, తప్పు ఎవరిదని తాను అడగలేదన్నాడు. "నెట్ హౌస్ ఖలాస్" అని సంతకం పెట్టాడు.

ఫిబ్రవరి 24 ఉదయం క్యాంపు బస్సు వచ్చింది. గంగారాం నడుముకు బెల్టు బిగించుకుంటున్నాడు. తప్పు నాదేనన్నాను. "మీరు రాసిండ్రట గద సారూ, మేనేజర్ డ్రైవర్ చెప్పిండు. ఏం కాదు. అన్నం టైముకు తినుండ్రి" అని బస్సెక్కాడు. నేను అక్కడ మరో రెండేళ్లు, టమాటా విభాగంలో పనిచేశాను. ఆ రెండేళ్లలో క్షేత్రంలో తెలుగు వినలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. ఏ అంకెనైనా అమలు చేసే ముందు, అది ఏ పరిస్థితిలో కొలిచినదో దాని పక్కనే రాసుకోవాలి. అలా రాసుకోని ఒక అంకెతో నేను ముప్ఫై నాలుగు కాయలను, ఒక మనిషి పనిని పోగొట్టాను.