మిగిలిన ఏడు పంచెల చాపులు

నా పేరు పోలమ్మ. డెబ్బై దాటాయి. ఎంత దాటాయో ఆధార్ కార్డుకు తెలియాలి. తోటపల్లి గూడూరు దాటాక సముద్రం ఒడ్డున మా పాళెం. కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాళ్ళు, నేను ఒకే ఇంట్లో ఉంటాం. మా ఆయన సముద్రంలో పోయాడు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే సరోజమ్మ రాస్తోంది. ఆమె ఒకప్పుడు అన్నదమ్ముల అంగడిలో చీరలు చూపించేది. తప్పు రాసినా కనిపెట్టలేను కాబట్టి ప్రతి ముక్కా మళ్ళీ చదివించుకుని విన్నాను.

ఆ అంగడి మేనేజరు గారు పోయిన ఆదివారం కొడవలూరులో, అద్దె ఇంట్లో చనిపోయారు. కబురు వచ్చేసరికి నేను ఇసుకలో నెత్తళ్ళ చేపలు ఆరబోస్తున్నాను. చేతులు కడుక్కుని, ఆటో ఎక్కి, బస్సు మారి వెళ్ళాను. షామియానా కింద పదిమంది కూడా లేరు. ఒకాయన కాలు మీద కాలేసుకుని పక్కాయనతో అంటున్నాడు.

"ఎవురనుకుంటివి? శవాల మీద పంచెలు ఉతికి అమ్మినాడే, ఆ మేనేజరు."

"ఆయనేనా? ఇంకా బతికే ఉన్నాడా ఇన్నాళ్ళు!"

గడపలో కూర్చున్న ఆయన భార్యకు ఆ మాట వినబడింది. తల ఎత్తలేదు. అది ఆమెకు కొత్త మాట కాదని అప్పుడే తెలిసింది. అందుకే ఈ కాగితం. ఆ మాట అబద్ధం. దానికి దారి తీసింది నా నోరు.

అన్నదమ్ముల అంగడి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. నెల్లూరులో ముగ్గురు అన్నదమ్ములు బట్టల కొట్టు పెట్టారు. తర్వాత పైన అంతస్తు కట్టి స్టీలు సామాను, సూట్‌కేసులు, పిల్లల బొమ్మలు అన్నీ ఒకే కప్పు కిందికి తెచ్చారు. కావలి, గూడూరు, నాయుడుపేట, తడ దాకా పాకింది. బోర్డు మీద వేరే పేరున్నా, జనం నోట్లో అది అన్నదమ్ముల అంగడే. ఆఖరున, ఆరోది, మా పాళేలకు వచ్చే దారిలో పెట్టారు.

అద్దాల తలుపును తోయాలో లాగాలో తెలియక మేం బయటే నిలబడితే, లోపలినుంచి వచ్చి తలుపు పట్టుకున్నది మేనేజరు గారు. చీరల దగ్గర ఒక గుమాస్తా మొహం చిట్లించాడు.

"అమ్మా, చేత్తో ముట్టుకోబాకండి. వాసనొస్తాది."

"ముట్టుకుంటే చెడిపోయే గుడ్డని మనమెందుకు అమ్మాలయ్యా?" అన్నారు మేనేజరు గారు. మా వైపు తిరిగి, "మీవి తాళ్ళు లాగిన చేతులు. అరచేతికి తెలీదు. చెంపకి ఆనించి చూడండి" అన్నారు. ఆ పూట చెంపకు చీరలు ఆనించుకుని మేం నవ్విన నవ్వుకు పైఅంతస్తు వాళ్ళు కూడా తొంగి చూశారు.

ఆయన చేతులు ఊరికే ఉండేవి కావు. బస్సు టికెట్టయినా సరే నాలుగు మడతలు పెట్టేవారు. చేప ముట్టని మనిషి, అయినా కనబడితే అడగకుండా ఉండేవారు కాదు.

"పోలమ్మా, వల్లో ఏం పడింది?"

"మీరు తిననివన్నీ పడినాయి సార్!"

పెళ్ళిళ్ళ కాలంలో పెద్ద ఇళ్ళవాళ్ళు పాతిక చీరలు మూటగట్టి ఇంటికి తీసుకుపోయి, ఆడవాళ్ళకు చూపించి, నచ్చనివి తిరిగి పంపడం అన్ని అంగళ్ళలోనూ ఉంది. మా పాళేనికి ఆ నమ్మకం ఇచ్చింది ఈయనొక్కరే. "మిగిలినవి మడత చెదరకుండా తెచ్చియ్యండి" అనేవారు. అంతకుమించి ఒక్క మాట ఉండేది కాదు. ఆ మూటను మేం చూరుకు వేలాడదీసేవాళ్ళం, చెమ్మ తగలకుండా. ఒక్క మడత చెదిరిందని మా మీద మాట రాలేదు.

పద్దెనిమిదేళ్ళ కింద, కార్తీకంలో తుపాను వచ్చింది. మావి మూడు పడవలు తిరిగి రాలేదు. పందొమ్మిది మంది. నాలుగో రోజు నుంచి ఒక్కొక్కరే ఒడ్డుకు కొట్టుకొచ్చారు. మా ఆయన ఐదో రోజు వచ్చాడు. పోయినవాళ్ళ మీద నీళ్ళు తగలని కొత్త గుడ్డ కప్పకుండా మేం సాగనంపం. ఇళ్ళల్లో కొత్తది కాదుగదా, పొడిది కూడా లేదు.

తెగిన రోడ్డు మీద ట్రాక్టరెక్కి మేనేజరు గారు వచ్చారు. పంచెల చాపులు పందొమ్మిది తెచ్చారు. చాపు అంటే జంట పంచెలు, పైన కాగితం పట్టీ అంటించి ఉంటుంది. మూట దించి, ఎవరి మొహమూ చూడలేక ఇసుకను చూస్తూ అదే మాట అన్నారు.

"మిగిలితే మడత చెదరకుండా తెచ్చియ్యండమ్మా."

మిగలాలనే ఆయన కోరిక. ఎవరో ఒకరు బతికి రావాలని. ఏడు మిగిలాయి. ఎవరూ బతికి రాలేదు. సముద్రం పన్నెండు మందినే ఇచ్చింది, ఆ ఏడుగురూ ఈ రోజుకీ దొరకలేదు.

పెద్దదినం కర్మ అయిన మర్నాడు ఆ ఏడు చాపులూ కొత్త గంపలో పెట్టుకుని బయలుదేరాను. మా పాళెం కాటమ్మ అడ్డం నిలబడింది.

"మే, నిన్నగాక మొన్న బొట్టు తీసినదానివి. పెళ్ళిళ్ళ కాలమే. అంగట్లో అడుగు పెట్టబాక. ఎవురిచేతనన్నా పంపిద్దాం."

"తెచ్చియ్యమన్నాడు. మనం ఎన్నడన్నా మాట తప్పినామా? నేనే ఇచ్చొస్తా."

"నీ పొగరు నువ్వూ!"

పొగరే. మగదిక్కు పోయినా మా పాళెం మాట పోలేదని నలుగురూ చూడాలనుకున్నాను. అంగడి నిండా పెళ్ళివాళ్ళు. మేనేజరు గారు లేచి వచ్చి, గంపలోంచి చాపులు రెండు చేతులతో అందుకున్నారు. పెళ్ళికూతురి తల్లి నవ్వుతూ అడిగింది.

"ఎవురి పెళ్ళికి తీసకపోయినారమ్మా?"

"పెళ్ళికి కాదు తల్లీ. మా శవాలకి. మిగిలినాయి."

గట్టిగా అన్నాను. ఆ తల్లి కూతురి భుజం మీది పట్టుచీర నిప్పు తగిలినట్టు లాగేసింది. మధ్యాహ్నానికి అంగడి ఖాళీ. సాయంత్రానికి, శవాల మీద కప్పినవి ఉతికి అమ్ముతున్నారన్నారు. వారం తిరిగేసరికి ఆ మాట తడ దాకా పోయింది.

అన్నదమ్ముల్లో నడిపాయన, రెండోవాడు, కారులో దిగాడు. సరోజమ్మ అక్కడే ఉంది, విన్నది.

"ఆ ముండకి పిచ్చని, అబద్ధమాడిందని బయట నిలబడి చెప్పు. పాళెమోళ్ళని లోపలికి రానియ్యమని బోర్డు పెట్టు."

"ఆమె అబద్ధమాడలేదు సార్. కాగితం పట్టీ కూడా చినగలేదు, చూడండి" అన్నారట మేనేజరు గారు.

నడిపాయన చూడలేదు. మర్నాటి నుంచి రావద్దన్నాడు.

తర్వాత అన్నదమ్ములు విడిపోయారు, టౌనులో పెద్ద పెద్ద మాల్స్ వచ్చాయి, అంగళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆరు అంగళ్ళూ ఒక ఆడమనిషి మాటకే కూలిపోయాయని నేను ఒప్పుకోను. కానీ మేనేజరు గారి బతుకు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఏ బట్టల కొట్టూ ఆయనను రానివ్వలేదు. కొడవలూరులో బియ్యం మిల్లు గేటు దగ్గర లారీలకు చీటీలిస్తూ ముసలాయన అయ్యారు. ఒకసారి వెళ్ళి, బజార్లో నిలబడి నిజం చెబుతానన్నాను.

"వద్దు పోలమ్మా. నువ్వు చెప్పేకొద్దీ దొరకని మీ వాళ్ళ గురించి నవ్వుతారు. వాళ్ళ మీద ఎవరినీ నవ్వనియ్యబాక."

ఆదివారం ఇదంతా ఆయన భార్య పక్కన కూర్చుని చెప్పాను. చివరిదాకా విన్నది.

"పద్దెనిమిదేళ్ళు యాడుంటివమ్మా?" అంది.

ఆయన వద్దన్నారని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన వద్దన్నది నిజం. వద్దన్నప్పుడు నా గుండె తేలికపడిందీ నిజమే.

కాబట్టి వినండి. ఆ ఏడు చాపులూ ఏ శవాన్నీ తాకలేదు. వాటి మడత విప్పినవాళ్ళు లేరు. ఆయన ఉతికించలేదు, మోసం చేయలేదు. పెళ్ళివాళ్ళ ముందు నోరు జారింది నేను, ఇన్నేళ్ళు నోరు మూసుకున్నదీ నేనే. ఆయన పెద్దదినం నాడు, భోజనాలకు ముందు, కాలు మీద కాలేసుకున్న ఆ పెద్దమనిషి వినేటట్టు దీన్ని సరోజమ్మ చదవాలి. నేను పక్కన నిలబడతాను.

తిరిగి వస్తూ ఆ అంగడి దగ్గర ఆటో ఆపించాను. ఇప్పుడు అందులో రొయ్యల మేత బస్తాలు. కొంగుతో అద్దం మీది దుమ్ము తుడిచి చూశాను. చీరలు కట్టి నిలబెట్టే ఆడబొమ్మలు మూడు, బస్తాల మధ్య గోడకు ఆనుకుని ఉన్నాయి. ఒంటి మీద నూలుపోగు లేదు.

పోలమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

విని, చూసి నిలబడినవాళ్ళు:
సరోజమ్మ, ఇది రాసినామె
కాటమ్మ, మా పాళెం. ఆమెదీ వేలిముద్రే